కాగితం మీది కాపురం

శ్రీవారైన మౌనస్వామి గారికి,

మీ వసపిట్ట మొరపెట్టుకునేది.

పాలు కాచి మూత పెట్టాను. కూర చిన్న గిన్నెలో ఉంది. సాయంత్రం పంపు రాదట, బకెట్లు నింపి పెట్టాను. ఇంటి సంగతులు అయిపోయాయి, ఇక నా సంగతులు. రాత్రంతా పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషికి ఇంత పొడుగు ఉత్తరమేమిటని మీ అమ్మ ఉంటే నన్ను చీవాట్లు పెట్టేది. ఏం చెయ్యమంటారు? మీరు బిస్కెట్లు కాల్చి ఇంటికొచ్చే వేళకి నేను వాటిని డబ్బాల్లో సర్దడానికి బయల్దేరతాను. నేను వచ్చే వేళకి మీరు గేటు దాటి లోపలికి పోతారు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ఇంట్లో ఉన్నప్పుడు మోగిద్దామా అంటే మీ నిద్ర పాడవుతుందని నాకే మనసొప్పదు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే గది, ఒకే మంచం. నేను లేచిన పక్క చల్లారకముందే మీరు పడుకుంటారు. అందుకే ఈ అచ్చు తప్పిన బిస్కెట్ డబ్బాల అట్టలే మనకు దిక్కయ్యాయి. ఒక వైపు సగం బిస్కెట్ బొమ్మ, రెండో వైపు మన కాపురం.

పోనీ వారానికో సెలవు ఉంది కదా, ఆ రోజైనా మొహం చూసుకుందామని ఆశపడతాను. నేను కళ్ళు తెరిచేసరికి మీరు గాలం కర్ర, వానపాముల డబ్బా పట్టుకుని చల్లగా జారుకుంటారు. రిజర్వాయరు గట్టున ఒక్కరే కూర్చుని, చీకటి పడ్డాక అటునుంచి అటే రాత్రి డ్యూటీకి పోతారు. పోనీ ఒక్క చేపనైనా తెచ్చిన పాపాన పోయారా? ఆ రిజర్వాయరులో చేపలకి మీరంటే ఎంత అలుసో.

పాత ఊళ్ళో ఫ్యాక్టరీ మూసేసి మనల్ని ఇక్కడికి పంపినప్పుడు మీరేమన్నారో గుర్తుందా? "పెద్ద నగరం. ఒక్కో సెలవుకి ఒక్కో చోటు చూపిస్తాలే" అన్నారు. ఇప్పటికి నేను చూసిన నగరమంతా గది నుంచి ఫ్యాక్టరీకి పోయే వీధి, ఫ్యాక్టరీ నుంచి గదికి వచ్చే వీధి. రెండూ ఒకటే వీధి. ప్యాకింగ్ బెల్టు దగ్గర నా పక్కన నిలబడే కళ్ళజోడు వదిన లేదూ, ఆవిడ నా మొహం చూసి, "కాళ్ళు నీవే కదా, బస్సెక్కడానికి ఆయన కాళ్ళు కావాలా?" అంది. నాకు రోషం వచ్చింది. పోయిన సెలవు రోజు మీరు అటు పోగానే నేను ఇటు బస్సెక్కాను.

జంతువుల పార్కుకి వెళ్ళాను. అక్కడ ఎలుగుబంటిని చూడటానికి జనం విరగబడుతున్నారు. అదేమో గోడవైపు తిరిగి గుర్రుపెట్టి నిద్రపోతోంది. పక్కనున్నావిడ నిరాశపడిపోయి, "ఇదెప్పుడు లేస్తుందండీ?" అని నన్నడిగింది. "చీకటిపడ్డాక లేస్తుంది, తిని డ్యూటీకి పోతుంది" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వాగలేదు. నవ్విన తర్వాత అటూ ఇటూ చూశాను, ఇది చెప్పుకోవడానికి నా పక్కన మనిషి లేడు. అదండీ నా బాధ. చూడటానికి ఒక్కదాన్ని చాలు, చెప్పుకోవడానికి ఇద్దరుండాలి.

ఆ పార్కులో చిన్న సరస్సు ఉంది, అందులో తొక్కుడు పడవలు ఉన్నాయి. టిక్కెట్టు అడిగితే పడవతను, "ఒక్కరికి ఇవ్వమమ్మా. రెండో సీటు ఖాళీగా ఉంటే పడవ ఒక పక్కకి ఒరిగిపోతుంది" అన్నాడు. టిక్కెట్టు డబ్బులు మళ్ళీ కొంగున ముడేసుకుని వచ్చేశాను.

వచ్చే సెలవు నాడు రండి. ఒక్క రోజు. చేపలు ఎక్కడికీ పోవు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, పడవ తొక్కండి చాలు. మాటలు నేను చూసుకుంటాను. వస్తానని ఒక్క ముక్క రాసి పెట్టండి.

మీ
వసపిట్ట


వసపిట్టకు,

కూర బాగుంది. వస్తాను.

నీ
మౌనస్వామి


శ్రీవారికి,

ఇవాళ ఇంటి సంగతులు ఏమీ లేవు. గిన్నెలో ఏముందో మూత తీసి చూసుకోండి.

నిన్న నేను నిద్ర లేచేసరికి గాలం కర్ర లేదు. అయినా మనసు ఊరుకోదుగా. ఏదో మరమ్మత్తుకు తీసుకెళ్ళి ఉంటారు, నేరుగా పార్కుకే వస్తారు అనుకున్నాను. తలంటుకున్నాను. ఎంత తలంటుకున్నా ఆ వెనిల్లా వాసన జుట్టు వదలదు. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకున్నాను. పడవల దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. పడవతను నన్ను గుర్తుపట్టి, "ఇవాళ ఇద్దరా?" అని అడిగాడు. "ఆ, వస్తున్నారు" అన్నాను. ఎండ బెంచీ మీది నుంచి చెట్ల మీదికి పోయేదాకా అదే మాట చెప్పుకుంటూ కూర్చున్నాను. చివరికి అతను మొహమాటపడి నా వైపు చూడటం మానేశాడు.

అక్కడికి మన షిఫ్టులు వేసే సూపర్‌వైజరు భార్యాపిల్లలతో వచ్చాడు. "ఏవమ్మా, ఒక్కదానివే వచ్చావా? ఆయనేడీ?" అన్నాడు. రాత్రి షిఫ్టు కదండీ, అలిసిపోయి పడుకున్నారు అని మీ పరువు కాపాడాను. ఎప్పటికైనా పగటి షిఫ్టు ఇప్పించండి అని చేతులు జోడించినంత పని చేశాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"అదేంటమ్మా? పగలు పొయ్యి దగ్గర మనిషి లేక నేను చస్తుంటే, మీ ఆయన్ని నేనే ఎన్నోసార్లు అడిగా. ఆయనే వద్దన్నాడు. మా ఇంట్లో ఇలాగే బాగుందండీ, రాత్రుళ్ళే ఉంచండి అన్నాడు. నీకు తెలిసే అనుకున్నానే!"

తెలుసు అన్నాను. మర్చిపోయాను అన్నాను. ఇంకా ఏమేమో అని నవ్వాను. వాళ్ళావిడ నా నవ్వు చూసి జాలిపడి, పిల్లాడికి కొన్న ఐస్‌క్రీమ్ లాంటిదే నాకూ ఒకటి కొనిపెట్టింది. అది తింటూ కూర్చున్నాను. నా వయసుకి, నా బతుక్కి, సూపర్‌వైజరు గారి పెళ్ళాం కొనిపెట్టిన ఐస్‌క్రీమ్.

ఇన్నాళ్ళూ మన ఖర్మ ఇంతే అనుకుని ఫ్యాక్టరీని తిట్టుకున్నాను. సూపర్‌వైజరుని తిట్టుకున్నాను. పొయ్యిని కూడా తిట్టుకున్నాను. ఇదంతా మీరు కోరి తెచ్చుకున్నదని ఇప్పుడు తెలిసింది. రాత్రుళ్ళు ఒక్కదాన్నే తలుపు గొళ్ళెం ఒకటికి రెండుసార్లు చూసుకుని పడుకుంటుంటే, మా ఇంట్లో ఇలాగే బాగుందండీ అని చెప్పుకున్నారా మీరు? ఎవరింట్లో? ఇంకో ఆడమనిషి ఎవరైనా ఉందేమోనని దారంతా ఆలోచించాను. నిజం చెప్పొద్దూ, ఉంటే బాగుండుననిపించింది. కనీసం ఒక కారణం ఉండేది. నేనెందుకు పనికిరానో నాకు అర్థమయ్యేది.

బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటే ఈసారి కుదరదు. నన్ను చూడకుండా తప్పించుకోవడానికి రాత్రినీ సెలవునీ రెండింటినీ వాడుకునేంతగా మీకు చేదవడానికి నేనేం చేశాను? జవాబు కావాలి.

ఇట్లు
నేనే


వసపిట్టకు,

నాకు రాయడం రాదు. రాత్రి పొయ్యి దగ్గర విరామాల్లో కూర్చుని కొంచెం కొంచెంగా రాశాను. తొందరపడకుండా చివరిదాకా చదువు.

ఇంకో ఆడమనిషి ఉందా అని అడిగావు. ఉంది. ఆవిడ అట్టల మీద రాస్తుంది.

పాత ఊళ్ళో మనిద్దరిదీ పగటి షిఫ్టే. కలిసి నడిచి ఇంటికి వచ్చేవాళ్ళం. గేటు దగ్గర మొదలుపెడితే గుమ్మం దాకా నువ్వు మాట్లాడేదానివి. నువ్వు అడిగిన మొదటి మాటకి జవాబు నేను వెతుక్కుంటూ ఉండగానే నువ్వు ఎక్కడికో వెళ్ళిపోయేదానివి. "వింటున్నారా?" అనేదానివి. "ఊ" అనేవాణ్ణి. "ఏం విన్నారో చెప్పండి చూద్దాం" అనేదానివి. నేను అప్పటికింకా మొదటి మాట దగ్గరే ఉండేవాణ్ణి. దాంతో ఇంటికొచ్చాక నా ముందు పళ్ళెం దబ్బున పెట్టేదానివి. నిన్ను నేను లెక్కచెయ్యడం లేదని నీకు కోపం. నీకు నేను చాలనని నాకు దిగులు. అలా ఎన్ని సాయంత్రాలు పోయాయో నీకూ తెలుసు.

ఇక్కడికి వచ్చాక రాత్రి పొయ్యి మనిషికి చెయ్యి విరిగితే కొన్నాళ్ళకని నన్ను వేశారు. నువ్వు పాల గిన్నె దగ్గర చీటీ పెట్టడం మొదలుపెట్టావు. మొదట్లో పాల సంగతే ఉండేది. తర్వాత అది పెరిగింది. ఒక రోజు నీ చిన్నప్పటి సంగతి రాశావు. బట్టల బీరువాలో దాక్కుని నిద్రపోతే ఇల్లంతా నీ కోసం వెతికారని, ఆ వెతుకుతున్న చప్పుడు నిద్రలో వినపడి ఎంతో హాయిగా ఉందని, ఇప్పటికీ ఒక్కోసారి అలా దాక్కోవాలనిపిస్తుందని. అది బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పిల్లని నేను చూడలేదు. నువ్వు అదే నోటితో చెప్పి ఉంటే నేను ఊ అనేవాణ్ణి, నువ్వు కూరగాయల సంగతిలోకి వెళ్ళిపోయేదానివి.

చెయ్యి విరిగినతను తిరిగొచ్చాక పగటికి వచ్చెయ్యమన్నారు. వస్తే ఈ ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే వద్దన్నాను.

సెలవు నాడు కూడా అదే భయం. ఆ రోజు ఎదురెదురుగా కూర్చుని అన్నీ మాట్లాడేసుకుంటే మర్నాటి అట్ట ఖాళీగా ఉంటుందేమోనని. గట్టు మీద గాలం వేసి పక్కన పెట్టేస్తాను. అట్టలు తీసి మొదటినుంచీ చదువుకుంటాను. బెండు మునిగినా చూడను. చేపలు తీరిగ్గా ఎర తినేసి పోతాయి. ఎలుగుబంటి సంగతి చదివి నేనొక్కణ్ణే పగలబడి నవ్వితే, అవతలి గట్టు మీదతను నన్ను పిచ్చివాడనుకుని చోటు మార్చుకున్నాడు.

పార్కుకి రావాలనే బయల్దేరాను. బస్టాపు దాకా వచ్చాను. పడవలో నీ పక్కన కూర్చుంటే మళ్ళీ పాత ఊరి మొగుడినే అయిపోతానని కాళ్ళు వెనక్కి తిరిగాయి.

ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు. నువ్వంటే మాత్రం ఇప్పుడున్నంత ఇష్టం ఎప్పుడూ లేదు. రాయడం మానకు. పడవ ఎక్కాలనుంటే ఈసారి కళ్ళజోడు వదినని తీసుకెళ్ళు. ఎలా ఉందో వచ్చి రాయి.

నీ
మౌనస్వామి


నాకు అంత మంచి ఉత్తరం రాసినాయనకు,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. కోపంతో కాదు, ముందు సంతోషంతోనే ఏడ్చాను. నాకు ఇలాంటి మొగుడున్నాడని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. ఆ రోజు పనికి పోలేదు. మీరు పడుకున్న మంచం అంచున కూర్చుని, ఈ ఉత్తరం రాసినాయన ఎప్పుడు కళ్ళు తెరుస్తాడా అని కాచుకున్నాను. కొత్త పెళ్ళికూతురిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

మీరు లేచారు. నన్ను చూసి, "ఏం, డ్యూటీకి పోలేదా?" అన్నారు.

"లేదు."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. మీ ఉత్తరం చదివాను."

మీరు పైకప్పు వైపు చూశారు. ఎన్ని మాటలు వచ్చి ఉంటాయో ఆ బుర్రలోకి. ఒక్కటీ బయటికి రాలేదు. "ఊ" అని గోడవైపు తిరిగారు. నేను చాలాసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చున్నాను. నేను నోరు మూసుకుని కూర్చుంటే మీకు వీలు దొరుకుతుందేమోనని. మీకు నిద్ర పట్టింది.

అప్పుడు నా ఏడుపు మారిపోయింది. మీకు ఇష్టమైంది నేను కాదండీ. జవాబు చెప్పనక్కర్లేని నేను. నాకు భయమేసిందని రాస్తే మీరు గొళ్ళెం వెయ్యనక్కర్లేదు, చదివితే చాలు. నేను ఏడ్చానని రాస్తే కళ్ళు తుడవనక్కర్లేదు, మడిచి దాచుకుంటే చాలు. బీరువాలో దాక్కున్న పిల్ల మీకు తెగ నచ్చింది. ఆ పిల్ల ఎవరైనా వెతుకుతారేమోనని ఎదురుచూస్తోందనేగా నేను రాసినదాని అర్థం. మీరేం చేశారు? బీరువా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపు తియ్యలేదు. ఒంటరితనం నాది, సాహిత్యం మీది. పైగా పడవెక్కి ఎలా ఉందో వచ్చి రాయమంటారా? ఆ మాట చదివినప్పుడు ఒళ్ళు మండిపోయింది. పోస్టులో పెళ్ళాన్ని తెప్పించుకున్నట్టుంది మీ వరస.

నిన్న సెలవు. మీరు ఎప్పటిలాగే గట్టుకి పోయారు. నేను ఏ బస్సు ముందొస్తే అదెక్కి ఆఖరి స్టాపులో దిగాను. అన్నీ పాత మేడలు, ఇరుకు సందులు. దారి తప్పాను. ఒక మేడ ముందు మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నన్ను చూడగానే, ఎన్నాళ్ళుగానో ఎరిగినదానిలా, "ఇంత ఆలస్యమా? రా రా, అందరూ నీ కోసమే చూస్తున్నారు" అని చెయ్యి పట్టుకుంది. నేను కాదని చెప్పబోయాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ వెంట లోపలికి వెళ్ళాను.

తర్వాత జరిగింది నేను ఇందులో రాయను.

అంత వింత నా బతుకులో జరగలేదు. తిరిగొస్తూ బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే కండక్టరు అదోలా చూశాడు. దిగబోయే ముందు ఏడుపొచ్చింది. అదెందుకో కూడా రాయను. పాలు కాచిన సంగతి కూడా ఇక రాయను. ఇదే ఆఖరి అట్ట.

ఇవాళ బెల్టు దగ్గరికి ఆలస్యంగా వస్తానని చెప్పాను. మీరు ఇది చదువుతున్నప్పుడు ఎదురు కుర్చీలోనే ఉంటాను. తలెత్తితే కనిపిస్తాను. లోపల ఎవరున్నారు, ఏం జరిగింది అని అడగండి. మంచి మాటలేం వెతుక్కోనక్కర్లేదు, "తర్వాత?" అంటే చాలు. అడగడానికి ఎంతసేపు పడితే అంతసేపు ఆగుతాను. నేను ఆగలేనన్నారుగా, చూడండి, ఆగుతాను. సూపర్‌వైజరు కూడా పగటి మనిషి కోసం ఇంకా చూస్తూనే ఉన్నాడు.

మీరు అట్ట మడిచి జేబులో పెట్టుకుని పడుకున్నారనుకోండి, నేను లేచి చెప్పులు వేసుకుంటాను. వెళ్ళగానే కళ్ళజోడు వదిన అడుగుతుంది, "నిన్న ఎక్కడికెళ్ళావ్? ఏం చూశావ్?" అని. ప్రతి సెలవు మర్నాడూ ఆవిడ అడుగుతుంది. ఇంతవరకూ, అన్నిటికన్నా ముందు మీకే చెప్పాలని, ఆవిడకి పైపైన చెప్పి ఊరుకునేదాన్ని. ఇవాళ మొత్తం చెప్పేస్తాను. ఆవిడ గదిలో ఇంకో మంచానికి చోటుందట.

మీ ఎదురుగా కూర్చున్న
మీ భార్య