బొట్టు పెట్టిన నెట్టు పెట్టె

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్,
22-9-2025.

మహారాజశ్రీ ఏరియా ఆఫీసరు హరికిరణ్ గారి సముఖమునకు,
నెట్టు కనెక్షన్ల ఆఫీసు, సాక్చి.

టాటానగర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన సీతారాం గారి భార్య కస్తూరమ్మ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రెండు వాటాలకు కలిపి ఉన్న నెట్టు కనెక్షను ఈ నెల పదిహేడో తారీకు నుండి ఆగిపోయినందున, ఇరవై ఐదో తారీకు లోపల బాగు చేయించవలసిందిగా ప్రార్థన.

ముందుగా తమరు కులాసాయేనా? వినాయక చవితి భోజనాల్లో తమ అమ్మగారి పక్కన కూర్చున్నాను. షుగరు వల్ల అరికాళ్ళు మంటలని చెప్పారు. ఇప్పుడెలా ఉన్నాయి? చెప్పుల్లేకుండా తిరగవద్దని నా మాటగా చెప్పండి. తమ ఇంటి ఆమెగారికి నడుం నొప్పి తగ్గిందా? చిన్నబాబు ఆ రోజంతా దగ్గుతూనే ఉన్నాడు, నాకు ఇంటికొచ్చాక కూడా ఆ దగ్గే వినిపించింది. మా ఇంటికి వచ్చిన మీ లైన్‌మన్‌గారికి మా గుమ్మంలో మేకు గుచ్చుకుంది. టీటీ ఇంజక్షను వేయించుకొన్నారో లేదో కనుక్కోండి. కుర్రతనంలో పట్టించుకోరు. మేము ఇక్కడ ఏదో ఉన్నాము.

నేను హిందీ మాట్లాడతాను గానీ రాయలేను. తెలుగు కూడా ఐదో తరగతి వరకే. మా ఆయన రైల్వేలో ఉన్నన్నాళ్ళూ షెడ్డులో వాళ్ళందరికీ అర్జీలు రాసిపెట్టేవారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది కనుక ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. తమరు మన తెలుగువారని తెలిసి ధైర్యం చేశాను. నా ఇబ్బందులు ఈ కింద మనవి చేయడమైనది.

1. మా ఇంట్లో కింది వాటాలో మేము, పై వాటాలో బలరామ్, ఈశ్వరి దంపతులు కాపురం. నెట్టు కనెక్షను బలరామ్ పేరున ఉంది. స్తంభం నుంచి వైరు మా కిటికీలోకే వస్తుంది కనుక పెట్టె మాత్రం మా ముందు గదిలో ఉంది. అక్కడినుంచి ఇంకో వైరు పైకి పోతుంది. ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

2. ఇచ్ఛాపురంలో నాకు ఒక చెల్లెలు ఉంది, జగదాంబ. పుట్టు చెవిటి, మాట రాదు. పెళ్ళి కాలేదు. మా తమ్ముడి కొడుకు చిన్నారావు దగ్గర ఉంటోంది. బడిలో నేర్పే చేతి సైగలు దానికి రావు. మా ఇంట్లో మేము పెట్టుకొన్న సైగలే వచ్చు. నన్ను పిలవాలంటే భుజం మీద జడ లాగినట్టు చూపిస్తుంది. నా జడ ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, దానికి మాత్రం నేను జడే. కదలకు అని చెప్పాలంటే అరచెయ్యి నడినెత్తిన పెట్టి నొక్కాలి. చిన్నప్పుడు పేలు చూసేటప్పుడు మా అమ్మ అలా చేసేది. ఆ సైగలు తెలిసిన మిగతావాళ్ళందరూ పోయారు. మేమిద్దరమే మిగిలాం. చిన్నారావుకి తిను, పడుకో, రా, ఈ మూడే తెలుసు. వాడు ఇంకేం చూపించినా అది నమ్మదు, మొహం తిప్పేసుకొంటుంది.

3. దానికి రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. ఈ నెల మొదట్లో ఆపరేషనుకి తీసుకెళితే, కంట్లో చుక్కల మందు వేయగానే డాక్టరుగారి చెయ్యి తోసేసి ఆకుపచ్చ గౌను మీదే రోడ్డు మీదికి పరిగెత్తింది. డాక్టరుగారు మంచివారు. "ఈవిడకి చెప్పగలిగిన మనిషిని తెండి, ఇరవై ఐదో తారీకున మళ్ళీ చూస్తాను, ఆ రోజు కూడా ఇలాగైతే నా వల్ల కాదు" అన్నారట. చెప్పగలిగిన మనిషిని నేను. ఆషాఢంలో స్నానాల గదిలో జారిపడి నా తుంటి విరిగింది, లోపల రాడ్డు ఉంది, రైలెక్కకూడదన్నారు. అందుచేత నేను ఫోనులో కనబడి చేతులతో చెప్పేటట్టు, ఆసుపత్రిలో నర్సమ్మ ఫోను పట్టుకొనేటట్టు ఏర్పాటయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఫోనులో దానికి కొంచెం కొంచెం చెప్పుకొస్తున్నాను.

4. పదహారో తారీకు సాయంత్రం, కంటికి గుడ్డతో కట్టు కడతారు, చీకటిగా ఉంటుంది అని చూపించాను. అది ఏడ్చింది. అలిసిపోయింది, మిగతాది రేపు చెబుదాం అనుకొని ఊరుకొన్నాను. మర్నాడు నెట్టు పోయింది.

అయ్యా, కట్టు కడతారని చెప్పాను. కట్టు విప్పుతారని చెప్పలేదు.

5. పదిహేడో తారీకు విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజు ఏ మిషనుకీ పని చెప్పరని తమరికి తెలిసిందే. మా ఆయన తన పాత స్పానర్లు కడిగి బొట్లు పెట్టుకొన్నారు. నేను మిక్సీకి, కుట్టుమిషనుకి ఒక్కొక్క బొట్టు పెట్టాను. నెట్టు పెట్టె మీద మాత్రం నా చెల్లెలి చూపు ఆధారపడి ఉంది కనుక, పసుపు తడిపి చిక్కగా కలిపి, వైర్లు పీకి, వెనకాల ఉన్న కన్నాలన్నిటికీ నిండుగా పెట్టాను. పైన కుంకుమ అద్దాను. ఒక్క కన్నం వదిలితే అక్కడినుంచే ఆగిపోతుందేమోనని భయం. మళ్ళీ ఏ వైరు ఎక్కడిదో గుర్తుపెట్టుకొని అక్కడే గుచ్చి, ఆ రోజుకి విశ్రాంతి కనుక స్విచ్చి కట్టేశాను. మర్నాడు స్విచ్చి వేస్తే ఎర్ర దీపం వెలిగింది. అది ఇంకా అలాగే ఉంది.

6. మేము ఏ ప్రయత్నమూ చేయకుండా తమరి మీద పడ్డామని అనుకోవద్దు. మా కోడలు హేమ, "అత్తా, బంద్ కర్‌కే దస్ తక్ గినో, ఫిర్ చాలూ కరో" అంది. కట్టేసి, పది లెక్కపెట్టి మళ్ళీ వెయ్యమని. పది లెక్కపెట్టాను. తొందరగా లెక్కపెట్టానేమోనని వంద కూడా లెక్కపెట్టాను. హేమ తన ఫోనుకి నెట్టుని మర్చిపొమ్మని చెప్పి, మళ్ళీ గుర్తు చేసింది. పెట్టెని కిటికీ దగ్గర పెట్టాం, అలమార మీద పెట్టాం. నేను దానికి దండం పెడుతుంటే మా ఆయన, "ఓసి, ఇంజను కదలకపోతే దిగి దండాలెట్టినామేటే? నట్టు సూడాల" అని స్పానరు తెచ్చారు. ఆ పెట్టెకి నట్టులు లేవు.

పైనుంచి ఈశ్వరి దిగి వచ్చి, "పిన్నీ, నా సీరియలు ఆగిపోనాది, ఆయనకి ఆపీసు మెసేజీలు రాటం నేదు. ఏటి సేసీసినావే దాన్ని?" అని అడిగింది. పూజ చేశానని చెప్పాను. "పూజా? నువ్వు దానికి నలుగెట్టీసినావు" అని తల పట్టుకొంది.

7. పందొమ్మిదో తారీకున మీ లైన్‌మన్‌గారు వచ్చారు. పెట్టె తిప్పి చూసి, "మాతాజీ, ఇస్‌మే హల్దీ కిస్‌నే భరీ?" అన్నారు, ఇందులో పసుపు ఎవరు కూరారని. నేనే నాయనా అన్నాను. పిన్నుతో గీకితే ముద్దలు ముద్దలుగా రాలింది. లోపల రాగి ముక్కలు తడికి చెడిపోయాయి, కొత్త పెట్టె వేయాలి అన్నారు. ఆయన సంచిలో కటింగ్ ప్లేయరుకి కూడా కుంకుమ బొట్టు ఉండటం నేను చూశాను. మరి అది ఎలా పనిచేస్తోంది నాయనా అని అడిగితే, "మాథే పే లగాయా మాతాజీ, ముహ్ మే నహీ ఠూంసా" అన్నారు. నుదుటిన పెట్టాను, నోట్లో కుక్కలేదు అని. మా ఆయన ఇప్పటికీ అది తలుచుకొని నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెట్టెకి నుదురు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? ఇకమీదట ఇచ్చే పెట్టెల మీద నుదురు ఎటుందో గుర్తు వేయించవలసిందిగా మనవి. నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉంటారు.

8. కొత్త పెట్టె కోసం కనెక్షను ఎవరి పేరున ఉందో వారి ఫోనుకి నంబరు వస్తుంది, అది వెంటనే చెప్పాలి అన్నారు. బలరామ్ ఆదిత్యపూర్‌లో కార్ఖానాలో ఉంటాడు. అక్కడ ఫోను గేటు దగ్గర పెట్టి లోపలికి వెళ్ళాలి. నంబరు గేటుకి వచ్చింది, మనిషి లోపల ఉన్నాడు. అతను బయటికి వచ్చేసరికి నంబరు చచ్చిపోయింది. రాత్రి చేస్తే మీ ఆఫీసులో మిషను మాట్లాడింది. నిన్న ఆదివారం అతను ఇంట్లో ఉండి నంబరు చెప్పగా, దుర్గాపూజ రద్దీ వల్ల మీ మనుషులు అక్టోబరు ఆరో తారీకున వస్తారని మెసేజీ వచ్చింది. ఆపరేషను ఇరవై ఐదున అని హేమ ఫోనులో ఎంత చెప్పినా, ఆరో తారీకు ఖాయమైంది, ధన్యవాదాలు అని మళ్ళీ మళ్ళీ అదే వచ్చింది.

9. మామూలు ఫోను నెట్టుతో కూడా ప్రయత్నం చేశాము. మా సందులో అది సరిగా అందదు. శనివారం గుమ్మంలో కూర్చొని చేస్తే చెల్లెలు కనబడింది. చీకటి ఎంతోసేపు ఉండదు అని చెప్పడానికి ముందుగా చెయ్యి కళ్ళ మీద పెట్టుకొన్నాను. అక్కడ బొమ్మ అలాగే ఆగిపోయిందట. దానికి కనబడిందల్లా నేను కళ్ళు మూసుకొని ఉండిపోవటమే. నేను ఇక్కడ చెయ్యి తీశాను, పిడికిలి తెరిచి చూపించాను, నవ్వాను, ఒక్కటీ వెళ్ళలేదు. అది పెట్టిన కేక మాత్రం నాకు వినిపించింది. దానికి వినపడని కేక అది.

10. ఎదురింటివారికి నెట్టు ఉంది గానీ రెండో అంతస్తులో. నా కాలు అన్ని మెట్లు ఎక్కదు. పక్కింటివారు కింద వాటాలోనే ఉన్నారు గానీ, పసుపు సంగతి వీధంతా తెలిసిపోయి నన్ను ఆ పెట్టె ఉన్న గదిలోకి రానివ్వటం లేదు. వాళ్ళ తప్పు లేదు.

11. నిన్న చిన్నారావు మామూలు ఫోను చేశాడు. వాడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "పెద్దత్తా, సిన్నత్త బువ్వ తింటం నేదు. పొద్దుగూకితే ఇల్లంతా తిరిగి ఒక్కో సామానూ సూత్తంది. సెంబు సూత్తాది, గోడ మీద కేలండరు సూత్తాది, నా పిల్ల మొకం రెండు సేతుల్తో అట్టుకుని అలాగే సూత్తాది. ఆవిడికి ఏటి సెప్పీసినావు నువ్వు?"

అది అన్నీ ఆఖరుసారి చూసుకొంటోంది. ఇలా ఉంటే ఇరవై ఐదున ఇంట్లోంచే బయటికి రాదు. ఆ రోజు తప్పితే ఇప్పుడున్న మసక చూపు కూడా పోతుంది. చెవులు లేని మనిషి, కళ్ళు కూడా పోతే నేను ఇక ఏ పక్కనుంచి దాన్ని పిలవను? దగ్గరికి వెళ్ళి నడినెత్తిన చెయ్యి పెడితే తప్ప నేనున్నానని దానికి తెలియదు. వెళ్ళటానికి నాకు కాలు లేదు.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా, పసుపు పెట్టింది నేనే, తప్పు మా వైపుదే అని ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. ఆరో తారీకు పనిని ఇరవై ఐదుకి ముందుకి జరిపించవలెను. అది తమ రూల్సుకి కుదరనిచో, ఆ రోజు పొద్దున్న తమ ఆఫీసులో ఒక మూల నాకు ఒక కుర్చీ ఇప్పించి, తమ ఆఫీసు నెట్టు మీద నా చెల్లెలితో మాట్లాడనివ్వవలెను. తమ ఆఫీసు కిందనే ఉందని, రెండే మెట్లని, హేమ కొట్టుకి వెళుతూ చూసి వచ్చింది. రెండు మెట్లు నేను ఎక్కగలను. సాక్చి దాకా ఆటోలో కూర్చోగలను. ఇంతకు మించి ఏం చేయాలో మాకు తోచలేదు. మా కష్టం తమ ఇంటి కష్టంగా తలచి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కస్తూరమ్మ

(పక్కనే ఉండి మాటలు చెప్పినవారు: సీతారాం, రిటైర్డ్ ఫిట్టరు)

తా.క. బాబూ, తమరు, మనవి, కావున అన్నవి మా ఆయన మాటలు. ఆయన పడుకొన్నారు. ఇవి నా మాటలు.

నేను ఆఫీసులో కూర్చొని గాలిలో చేతులు తిప్పుతుంటే, నెత్తి మీద కొట్టుకొంటుంటే, మీ వాళ్ళు పిచ్చిదనుకొంటారు. ముందే చెప్పి ఉంచు నాయనా. నవ్వితే నవ్వనీ, కానీ నాకూ ఫోనుకీ మధ్యలోంచి నడవొద్దని చెప్పు. మీ పెట్టెలు వేటినీ ముట్టుకోను. దసరా రోజులే అయినా ఆ పొద్దున్న చేతులకి, కాళ్ళకి పసుపు రాసుకోకుండానే వస్తాను.

పడుకొనేముందు మా ఆయన్ని అడిగాను, ఆఫీసరుగారు ఒప్పుకోకపోతే ఏం చేద్దామని. "ఏటి సేత్తాం, బయట మెట్టు మీద కూకుందాం. నెట్టు గోడ దాటి వత్తాది కదేటి" అన్నారు. వస్తుందా బాబూ? నాకు తెలియదు. మెట్టు మీద ఎండ పడుతుందేమో, ఫోనులో నా చేతులు దానికి కనబడవేమో. గొడుగు తెస్తాను.

కట్టు విప్పుతారని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. పిడికిలి కంటి మీద పెట్టుకొని, తీసి, తెరవడమే. అది చూసి, నా చెల్లెలూ పిడికిలి తెరిచి చూపించిందంటే లేచి వెళ్ళిపోతాను.

గురువారం, ఇరవై ఐదో తారీకు, పొద్దున్న తొమ్మిదింటికి వస్తాము.