పన్నెండున్నర కిలోలు

ఆగస్టు 14, గురువారం మధ్యాహ్నం

నాకీ పని నేర్పిన అక్కకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నీ మరిది ఎప్పటిలాగే కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడు.

అసలు సంగతికి వస్తాను. మొన్న వేసవిలో ఏ వర్గం పిల్లలు ఎలా ఉన్నారో రాష్ట్రమంతా తూచి లెక్కలు పంపమన్నారు కదా. బజారు వీధి పిల్లలు మా అంగన్‌వాడీ సెంటరుకి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. కొండమీద రాళ్ళు కొట్టేవాళ్ళ పేట నుంచి ఒక్కరూ దిగలేదు. రెండుసార్లు ఎక్కి దిగేసరికి ఒళ్ళు మండి, తూకానికి రాకపోతే బక్కపిల్లలే అనుకుని సర్కారు పట్టుకుపోతుంది, ఇక మీ ఇష్టం అని ఓ మాట విసిరి వచ్చాను. వేళాకోళానికే అక్కా! మర్నాడు కాటా పట్టుకుని వెళ్తే పేట పేటంతా వరసలో నిలబడి ఉంది.

కాగితం మీద వాళ్ళ పిల్లలు బజారు వీధి పిల్లలతో సమానంగా తేలారు. తేడా పోయిందని మా ఆఫీసరు మురిసిపోయి, ఏం తిని బలిశారో, రాళ్ళేమో అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ పేటకి రావలసిన పాలు, గుడ్లు, డాక్టరమ్మ బండి ఇంకోచోటికి వెళ్ళిపోయాయి.

పోయిన వారం అక్కడ నాలుగేళ్ళ పిల్ల చనిపోయింది. రెండు రోజుల విరేచనాలకే. ఒంట్లో ఏముందని తట్టుకుంటుంది! పలకరించడానికి వెళ్ళాను. వాళ్ళమ్మ పిల్ల గౌను ఒళ్ళో పెట్టుకుని అంచు కుట్లు విప్పుతోంది. మడతలోంచి కంకర రాళ్ళు ఒక్కొక్కటే రాలాయి. అందరి గౌన్లలో, లాగుల్లో ఇలాగే కుట్టామంది. మీరు పట్టుకుపోతారని కుట్టాను, ఇప్పుడెవరు పట్టుకుపోయారమ్మా అని నన్నే అడిగింది. తిట్టినా బాగుండేది. మెల్లగా అడిగింది.

అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మనవరాలిని ఎత్తుకోబోతే చేతులు వెనక్కి పోతున్నాయి. ఒంట్లో బాగాలేదా అత్తయ్యా అంటోంది కోడలు. ఏం చెప్పను? ఆ తల్లుల అమాయకత్వం కొంత, నా నోటిదురుసు కొంత, అంతా ఖర్మ అని సరిపెట్టుకుంటున్నాను. లోపల రాళ్ళున్నాయని నాకెలా తెలుస్తుంది చెప్పు? పేటలో ఇంకా ముప్ఫైమంది పిల్లలున్నారు. మళ్ళీ ఇలా రాష్ట్రమంతా తూచి సాయం పంచేది మూడేళ్ళకట.

నీ చెల్లెలు

తా.క.: నాకెలా తెలుస్తుంది అని పైన రాశాను. అబద్ధం. పన్నెండేళ్ళుగా పిల్లల్ని ఎత్తుతున్న చేతులివి. ఆ పిల్లని కాటాలోంచి దింపుతుంటే గౌను అంచు నా మోకాలికి గట్టిగా తగిలింది. తల్లి నావంక చూసింది. నేనూ చూశాను. బరువు తక్కువని రాస్తే పాలు, గుడ్లు మోసుకుని వారం వారం ఆ కొండ ఎక్కాల్సింది నేనే. పన్నెండున్నర అని రాసి, తర్వాతి పిల్లని పిలిచాను. ఇదంతా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేశాను. నీకు ముందు చెబితే వద్దంటావు, నేను వినేస్తాను.