మునిగిన పడవల వరస

స్టేషన్ ఘన్‌పూర్, 1978 జూన్ 14

సముద్రం ఒడ్డున నాకెవరో అబ్బాయి ఉన్నాడని ఇంట్లో నమ్మకం. ఉన్నది హాస్టల్ స్నేహితురాలు నాగమణి వాళ్ల నానమ్మ. వాళ్ల జాలరి పల్లె చరిత్ర ఏ కాగితంలోనూ లేదు. పెళ్లెప్పుడైందని అడిగితే "గౌరి పడవ మునిగిన ఏడు" అంటారు. మునిగిన పడవల వరస నానమ్మ ఒక్కతెకే తెలుసు. పోయిన సెలవుల్లో సగమే రాసుకున్నాను. ఆమె మనుషులను మరిచిపోతోందని ఈరోజు నాగమణి ఉత్తరం వచ్చింది.

పోతానంటే బాపు, "అరవైతొమ్మిదిల తెలంగాణ కొరకు లాఠీదెబ్బలు తిన్నది గిందుకేనా బిడ్డా? మన మాటను ఎక్కిరించెటోళ్ల ముచ్చట నువ్వు రాస్తవా? పోవద్దు" అన్నాడు.

"పిల్లగాడు ఏం కులమో గదన్న చెప్పు" అంది అమ్మ.

ఎవరికని చెప్పను? నేను చేరేసరికి ఆమెకు ఎన్ని పడవలు గుర్తుంటాయో, అసలు నేను గుర్తుంటానో లేదో...

రేపు పొద్దుటి బండికి వెళ్తున్నాను.