లక్ష్మవ్వ కాళ్ళు చూడని రోజు

మల్లయ్య తాతా, నమస్తే. నేను, మేడ్చల్ నుంచి వచ్చే నర్సు సునీతని. నువ్వు పోయి ఐదు నెలలు దాటింది.

ముందే చెప్పేస్తున్నా, నీ లక్ష్మవ్వ ఇప్పుడు బాగుంది. పరేషాన్ కాకు. కానీ నీకు చెప్పాల్సిన తప్పు ఒకటి నా దగ్గరుంది. అందుకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యమైంది...

నీకు క్యాన్సర్ ముదిరాక వారానికి రెండుసార్లు స్కూటీ మీద శామీర్‌పేటకు వచ్చేదాన్ని కదా. బీపీ, నాడి, కాళ్ళ వాపు, తిండి, నిద్ర అన్నీ చూసి, చివర్లో నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమనేదాన్ని. మొదటి రోజే నవ్వేశావు. "నొప్పికి నంబరేంది బిడ్డా? గిదేమన్న బస్సా?"

యాభై ఏళ్ళు చెరువులో వల వేసినవాడివి. నీ లెక్క చేపల లెక్క. "ఇయ్యాల పరక పిల్లనే." "ఇయ్యాల జెల్ల, ముల్లు గుచ్చుతాంది." "ఇయ్యాల పెద్ద బొచ్చె వడ్డది బిడ్డా, వల గుంజుడు నాతోని అయితలేదు." నేను ఫైల్లో పరకకి రెండు, జెల్లకి ఆరు, బొచ్చెకి తొమ్మిది వేసుకునేదాన్ని. మా డాక్టరుగారు ముందు నవ్వారు, తర్వాత దాన్ని బట్టే నీ మందు పెంచారు.

మనసెలా ఉందని అడిగితే, "మనసును గూడ నాడి వట్టి సూస్తరా?" అన్నావు.

లక్ష్మవ్వ పక్కనుంటే మాత్రం నీది రోజూ పరకే. నోటితో పరక అంటూ, చేత్తో మంచం పట్టెను బిగించి పట్టుకునేవాడివి. అది చూశాకే అవ్వను చాయ్ పెట్టమని లోపలికి పంపడం మొదలుపెట్టాను. ఆమె వెళ్ళగానే నిజం చెప్పేవాడివి. "ముసల్దానికి జెప్పకు. తెలిస్తే బువ్వ తినది." నేను చెప్పలేదు తాతా.

నువ్వు పోయిన రెండు వారాలకు మీ ఇంటికి చివరిసారి వచ్చాను. పోయినవాళ్ళ ఇంట్లో మిగిలినవాళ్ళు ఎలా ఉన్నారో ఒకసారి చూసి, ఫైలు మూసేయడం మా పద్ధతి. అవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మీ కోడలు రజిత కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "మంచిగనే తింటది అక్కా, అయినా సగమైంది. రాత్రి నాలుగైదు సార్లు లేసి బయటికి పోతది. మామ కోసం సూస్తదో ఏమో..."

ఆ మాటకు నాకూ ఏడుపొచ్చింది. 'భర్త పోయిన దుఃఖం, నిద్ర లేదు' అని రాసుకున్నాను. అవ్వ చెయ్యి పట్టుకున్నాను, ధైర్యం చెప్పాను, వచ్చేశాను. ఆ రోజు ఆమె ఒంటిని నేను చూడలేదు. నీ కాళ్ళు ప్రతిసారీ చూసినదాన్ని, ఆమె చీర అంచు కొంచెం పైకి జరపమని ఎందుకు అడగలేదు?

ఇంకో మూడు వారాలకు తుర్కపల్లిలో వేరే పేషెంటును చూసి వస్తూ, ఊరికే మీ ఇంటి ముందు ఆగాను. అవ్వ నాతో మాట్లాడుతూనే చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగి, ఇంకో చెంబు తెమ్మంది. అప్పుడు తట్టింది తాతా. బాగా తింటూ చిక్కిపోవడం, ఈ దాహం, రాత్రి బయటికి పోవడం... ఆమె నీ కోసం లేవలేదు, ఒంటేలుకి లేచింది.

కింద కూర్చుని ఆమె కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడి, కింద చీము పట్టి ఉంది. లోపల, గంపలో చేపలమ్మేటప్పుడు గుచ్చుకున్న ముల్లు విరిగి ఉండిపోయింది. నొక్కితే నొప్పిగా ఉందా అని అడిగాను. "ఏం తెల్తలేదు బిడ్డా" అంది. నొప్పిగా ఉందని ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. బ్యాగులోని మీటరుతో షుగరు చూశాను, చాలా ఎక్కువుంది. అప్పటికప్పుడు ఆటో పిలిచాం.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారమైతే పాదం కూడా దక్కేది కాదన్నారు. నేను ఆ మొదటి రోజే చూసి ఉంటే వేలు మిగిలేదా? డాక్టరుగారిని అడిగాను. ఆయన అవ్వ మందుల చీటీ నా చేతికిచ్చారు...

అవ్వకు కూడా చెప్పాను, నాదే తప్పని. ఆమె కట్టు కట్టిన కాలు చూపించి, "నడుస్తున్నగద" అంది. అంతే.

షుగరు అదుపులోకొచ్చినా ఆమె గడప దాటలేదు. ఈసారి తొందరపడి దానికి దుఃఖమని పేరు పెట్టలేదు. ప్రతి గురువారం కట్టు మారుస్తూ, మనసెలా ఉందని అడిగాను. మూడు గురువారాలు మాట మార్చింది. నాలుగోసారి చెప్పింది. నీకు తెలియాలి కనుక ఆమె మాటల్లోనే రాస్తున్నా.

"రెండు గిలాసల చాయ్‌కి అంతసేపు వడ్తదా బిడ్డా? నాకు తెల్వదనుకున్నడు. నేనుంటే మూల్గడు. జరసేపు మూల్గుకోనీ అని పొయ్యికాడ్నే కూసునేదాన్ని."

విన్నావా తాతా? నువ్వు ఆమె కోసం దాచావు. ఆమె నీ కోసం తెలియనట్టు ఉంది. ఇద్దరి మధ్యా కూర్చుని, అంతా నాకే తెలుసనుకుని ఫైలు రాసుకున్నదాన్ని నేను. ఆ రోజు అవ్వ చాలాసేపు ఏడ్చింది. నేను కట్టు చుట్టడం ఆపి పక్కన కూర్చున్నాను.

పోయిన వారం నుంచి కరీంనగర్ రోడ్డు మీద మళ్ళీ చేపల గంప పెట్టింది. కాళ్ళకు మెత్తటి బూట్లు! తీస్తే ఊరుకోనని రజిత బెదిరించింది. బేరమాడేవాళ్ళను అవ్వ తిట్టే తిట్లు నీకు తెలిసినవే, ఒక్కటీ తగ్గలేదు.

నిన్న నేను స్కూటీ ఆపగానే నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "మొఖమేంది గట్ల గుంజుకపోయింది? తిన్నవా? నిద్రవోతున్నవా?" ఆ ప్రశ్నలు ఇన్నేళ్ళూ నేను అడిగినవే తప్ప, నన్ను ఎవరూ అడిగినవి కావు. బాగున్నానని చెప్పబోయాను. కానీ "మల్లయ్య తాత యాదికొస్తున్నడు అవ్వా" అన్నాను.

అవ్వ పక్కకు జరిగి, గోనెసంచి మీద నాకు చోటిచ్చింది.

కూర్చున్నాను తాతా. ప్రతి వారం కూర్చుంటాను.

నీ బిడ్డ,
సునీత