కట్టెతో కొట్టి చూసిన గూడు

ఏమయ్యా, పక్కింటి టీచరమ్మతో రాయిస్తున్నాను. నువ్వు పోయిన ఏడాదికే ఫ్రిజ్ చెడిపోయింది. ఒక్కదానికి ఎందుకని మళ్లీ కొననివ్వలేదు. వంటింట్లో దానికోసం నువ్వు కట్టిన గూడు ఖాళీగా మిగిలింది. పోయిన వారం మన బిడ్డ మేస్త్రీని తీసుకొచ్చింది.

“పాతగైందవ్వా, కూలగొడితే జాగ అయితది,” అన్నాడు వాడు.

“ముందుగాల కట్టెతోని పైబండ కొట్టి చూడు. డొల్ల చప్పుడొస్తే బండ కూలుతదని, మా ముసలాయన బొగ్గుబాయిల కప్పును గట్ల కొట్టి చూడంది లోపలికి అడుగు పెట్టకపోయేది,” అన్నాను.

కొట్టాడు. ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు.

“గట్టిగనే ఉందవ్వా.”

“మరింక సుత్తె సంచిల పెట్టు. అరలు కట్టు.”

ఇప్పుడందులో పప్పుల డబ్బాలు పెట్టుకున్నాను. పొద్దున డబ్బా తీసే ముందు నేనూ పైబండను ఒకసారి కొడుతున్నాను. రోజంతా ఇంట్లో చప్పుడంటే అదొక్కటే.