రాపిడి లేని సాంచె

గురువారం, వేములవాడ

తొమ్మిదో తరగతికి గమన నియమాలు ఈరోజు మూడోసారి చెప్పాను. గొంతు బొంగురుపోయింది. బయటి బలం ఏదీ అడ్డుపడకపోతే కదిలే వస్తువు కదులుతూనే ఉంటుంది అనగానే లావణ్య లేచి నిలబడింది. వాళ్ల నాన్న మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు.

"గా మాట తప్పు టీచర్. కరెంటు పోతె సాంచెలు ఆగిపోతయ్. నేను రోజూ సూస్తున్న."

ఇక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. పిల్లలంతా లావణ్య పక్షమే. ఓపిక లేక కసురుతూనే చెప్పాను. "కరెంటు పోయాక దాన్ని ఆపేది రాపిడి. రాపిడే లేకపోతే సాంచె ఎన్నటికీ ఆగదు."

లావణ్య కూర్చోకుండానే అంది.

"గట్లయితే రాపిడి ఉండాలె టీచర్. సాంచెలు ఆగినప్పుడే మా బాపు ఇంటికొచ్చి జరసేపు పండుకుంటడు."

నేను బోర్డు తుడిచాను. అందరిచేతా రాపిడి వల్ల నష్టాలు రాయించాలి, లాభాల దగ్గరికి ఇంకా రానేలేదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, నాకేమో కుర్చీలోంచి లేవాలని కూడా లేదు.

ఇది రాస్తుంటే కరెంటు పోయింది. అలవాటుగా తిట్టబోయి ఊరుకున్నాను.