‘తర్వాత’ ఫోల్డర్

మంగళవారం, కొండాపూర్

మెయిళ్లతో విసిగిపోయి పోయిన వారం ఒక రూల్ పెట్టాను. నన్ను సీసీలో ఉంచిన ప్రతి మెయిలూ నేరుగా ‘తర్వాత’ ఫోల్డర్‌లోకి పోవాలి. ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను.

టీమ్‌లో సెలవు మెయిల్ హెచ్‌ఆర్‌కి పంపి, లీడ్‌నైన నన్ను సీసీలో పెట్టాలి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే. బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో.

నిన్న నేను ఇంటి నుంచే పనిచేశాను. ఈరోజు లంచ్‌లో మా టీమ్ స్వప్నను అడిగాను, “నిన్న మీ చెల్లె నిశ్చితార్థం ఎట్లా జరిగింది?”

“నేను పోలే అన్నా. మెయిల్ పెడితే మీరు ఏం అనలే. మళ్ల అడుగుడు బాగుండదని ఊకున్న.”

కోపం కూడా చూపించలేదు. టిఫిన్ డబ్బా మూసుకుని లేచిపోయింది.

సీటుకొచ్చి ఆ రూల్ తీసేశాను. ఫోల్డర్ తెరిస్తే, క్యాంటీన్ మెనూల మధ్య ఆమె మెయిల్ ఉంది. చివరి వాక్యం: “మీరు సరే అంటేనే వెళ్తాను.”